ఒక యంత్రమున ఒప్పు, వేఱొక యంత్రమున తప్పు



ఈ దినమున నేను మీతో ముచ్చటింప దలచిన విషయము కంప్యూటరులకు సంబంధించినది. ఈ మాట విన్నంతనే ఇది పట్టణవాసులకును, చదువుకొను పిల్లలకును మాత్రమే పనికివచ్చు ముచ్చట యని తలపవలదు. పొలము పాసుపుస్తకము, పింఛను పట్టిక, బ్యాంకు ఖాతా, చౌకధరల దుకాణములోని వ్రేలిముద్ర యంత్రము, ఇవన్నియు నేడు కంప్యూటరు లెక్కలమీదనే నడచుచున్నవి. మన పేరు, మన తండ్రిగారి పేరు, మన యూరి పేరు, మన పొలము విస్తీర్ణము వానియందే వ్రాయబడి యున్నవి. ఆ వ్రాత ఒకచోట సరిగా నుండి, మఱియొకచోట తప్పుగా కనబడినచో కష్టపడువారము మనమే. కావున అట్టి తప్పు ఎట్లు పుట్టునో, ఎందుకు దాగునో తెలిసికొనుట మనకు అవసరము.

నాది కారంపూడి. నా వృత్తి కంప్యూటరులకు ప్రోగ్రాములు వ్రాయుట. మా యూరి పెద్దలు నన్ను తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. యంత్రము లెక్క తప్పదందురు గదా, అవే అక్షరములను ఒక యంత్రము సరిగా చూపి, మఱియొక యంత్రము తప్పుగా చూపుట యేమి, యంత్రములకు కూడ పక్షపాతముండునా యని. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి నాకు తెలిసినంతవఱకు సమాధానము చెప్పెదను.

మొదట మన భాషకు సంబంధించిన ఒక యుదంతము వినుడు. 2018వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో మన తెలుగక్షర మొకటి ప్రపంచమంతట వార్తల కెక్కెను. అది "జ్ఞా" అను సంయుక్తాక్షరము. ఆపిల్ సంస్థవారి ఐఫోనునకు ఎవరైన ఈ యక్షరమును ఒకానొక కూర్పులో సందేశముగా పంపినచో, దానిని చూపబోయిన ప్రోగ్రాము అంతటితో ఆగిపోయెడిది. మరల తెఱచినను మరల ఆగిపోయెడిది. తెలుగక్షరమే ఫోనులను పడగొట్టుచున్నదన్నట్లు దేశదేశముల పత్రికలు వ్రాసినవి. అదే సందేశము ఆండ్రాయిడు ఫోనులకు పంపినచో ఏ హానియు జరుగలేదు.

అక్షరమున దోషము లేదు. ఆ కూర్పులో జకారము, దాని క్రింద ఞకారము, పిమ్మట కంటికి కనబడని ఒక గుఱుతు, ఆ పిమ్మట దీర్ఘము వరుసగా నుండెను. ఆ కనబడని గుఱుతు రెండక్షరములను కలుపవలదని యంత్రమునకు చెప్పునట్టిది. మనము నిత్యము వ్రాయు "జ్ఞానము" అను మాటలో అది యుండదు. ఐఫోనులో అక్షరములను తెఱపై దిద్దు పని "కోర్ టెక్స్ట్" అను భాగమునకు అప్పగింపబడి యున్నది. అట్టి కూర్పు ఒకటి రాగలదని ఆ భాగమును వ్రాసినవారు ఊహింపలేదు. బంగాళీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులతో కూడ ఇదే జరుగునని తరువాత పరిశీలించినవారు కనుగొనిరి. ఆపిల్ సంస్థవారు ఆ నెల 19వ తేదీన 11.2.6 అను సవరణను విడుదల చేసి ఈ లోపమును సరిదిద్దిరి.

ఇట్టి భాగమునకు మా వృత్తిలో "లైబ్రరీ" యని పేరు. ఇది పుస్తకములుంచు చోటు కాదు. ఊరిలో కమ్మరి కొలిమి యెట్టిదో, ప్రోగ్రాములకు లైబ్రరీ యట్టిది. ప్రతి రైతును తన నాగటికఱ్ఱును తానే కాచి సాగగొట్టుకొనడు. అందఱును ఒకే కొలిమికి పోవుదురు. అట్లే సందేశములు పంపు ప్రోగ్రాము, ఉత్తరములు చూపు ప్రోగ్రాము, లెక్కలు వ్రాయు ప్రోగ్రాము, అన్నియు అక్షరములు దిద్దుటకు ఒకే లైబ్రరీని ఆశ్రయించును. ఇందు లాభము మిక్కిలి గలదు. కాని కొలిమిలో పదును తప్పినచో ఊరిలోని నాగళ్లన్నియు ఒక్కసారిగా మొద్దువాఱునట్లు, లైబ్రరీలో లోపమున్నచో దానిని నమ్ముకొన్న ప్రోగ్రాములన్నియు చెడును.

"జ్ఞా" కథలో రెండు సంస్థల ఫోనులకు రెండు వేఱువేఱు లైబ్రరీలుండెను. ఒకటి చెడెను, ఒకటి నిలిచెను. ఇది తెలిసికొనుట సులభము. దీనికంటె చిక్కైన సంగతి యింకొకటి కలదు. లైబ్రరీ యొక్కటే. అందలి వ్రాత అక్షరమైనను మాఱలేదు. అయినను ఒక జాతి యంత్రముపై సరిగా నడచి, మఱియొక జాతి యంత్రముపై తప్పును. ఒకే కమ్మరి చేసిన కఱ్ఱు నల్లరేగడిలో హాయిగా సాగి, మన పలనాటి నాపరాతి నేలలో విఱిగినట్లన్నమాట. ఇచట నేల యనగా "ప్రాసెసరు". కంప్యూటరులోగాని ఫోనులోగాని లెక్కలన్నియు చేయు చిన్న చిప్పు అది.

ప్రాసెసరులలో జాతులు కలవు. బల్లపై నుంచు కంప్యూటరులలో పెక్కింటియందు ఇంటెల్ సంస్థవారు నెలకొల్పిన జాతి కలదు. చేతిఫోనులలో ఆర్మ్ జాతి కలదు. పెద్ద బ్యాంకుల లెక్కలు నడపు ఐ.బి.ఎం. మహాయంత్రములలో మఱియొక జాతి కలదు. రిస్క్-ఫైవ్ అను నూతన జాతి యొకటి వృద్ధి పొందుచున్నది, మద్రాసు ఐ.ఐ.టి.వారు "శక్తి" యను పేర నిర్మించిన ప్రాసెసరులు ఈ జాతిలోనివే. మన హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ తొలినాళ్లలో చేసిన టి.డి.సి.-12 అను కంప్యూటరు ఒక్కమాఱు 12 అంకెల స్థానములనే పట్టుకొనగలిగెడిది. తరువాత వచ్చిన టి.డి.సి.-316 అనునది 16 స్థానములను పట్టుకొనెడిది. ఒకే కర్మాగారమున పుట్టిన రెండు యంత్రములకే ఇంత భేదమున్నప్పుడు లోకములోని యంత్రములన్నియు ఒక్క తీరున నుండునని యెట్లనుకొనగలము?

ప్రోగ్రాము వ్రాయువారు ప్రతి జాతికిని వేఱుగా వ్రాయరు. మనుష్యులకు తెలియు నొక భాషలో ఒకమాఱు వ్రాయుదురు. "కంపైలరు" అను అనువాదకుడు దానిని ఆయా ప్రాసెసరు భాషలోనికి మార్చును. అనువాదకుడు వ్రాసినదానినే మార్చగలడు. వ్రాసినవాని మనస్సులో నుండి కాగితముమీదికి రాని యొప్పందములను అతడు మార్చలేడు. ఈ ప్రసంగములో నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. యంత్రజాతిని బట్టి తప్పు లైబ్రరీలలో పెక్కింట దోషము పుట్టుచోటు ఆ వ్రాయని యొప్పందమే.

అట్టి యొప్పందములలో మొదటిది వరుస. దీనిని మన కొలతలతో చెప్పెదను. నాలుగు మానికలు ఒక కుంచము, నాలుగు కుంచములు ఒక తూము. ఒక లెక్కలో మూడు తూములు, రెండు కుంచములు, ఒక మానిక యని వ్రాయవలసి యుండగా వ్రాయువాడు కొలతల పేర్లు విడిచి 3, 2, 1 అని అంకెలు మాత్రమే వరుసగా వ్రాసెననుకొందము. పెద్దకొలత ముందు వ్రాయు ఆచారము గలవాడు దానిని చదివినచో మొత్తము 57 మానికలు. చిన్నకొలత ముందు వ్రాయు ఆచారము గలవాడు చదివినచో అది ఒక తూము, రెండు కుంచములు, మూడు మానికలు. మొత్తము 27 మానికలు మాత్రమే. ముప్పది మానికల ధాన్యము ఎవరును దొంగిలింపకయే మాయమైనది. వ్రాసినవాడు అబద్ధమాడలేదు, చదివినవాడు మోసగింపలేదు. ఏ కొన ముందో వ్రాసి యుంచకపోవుటయే దోషము.

మన పెద్దలకు ఈ వరుస సంగతి క్రొత్త కాదు. శాసనములలోను, కావ్యములలోను సంవత్సరములను అంకెలకు బదులు మాటలతో చెప్పు పద్ధతి కలదు. చంద్రుడనిన 1, నేత్రములనిన 2, వేదములనిన 4, బాణములనిన 5, గగనమనిన సున్న. "వేద, బాణ, గగన, చంద్ర" అని వ్రాసినచో ఎఱుకలేనివాడు 4501 అని చదువును. అంకెలు కుడినుండి ఎడమకు నడచునను నియమ మెఱిగినవాడు శకవర్షము 1054 అని చదువును. ఆ నియమము పండితులెల్లరకు తెలిసియున్నది కావున చిక్కు రాలేదు.

కంప్యూటరుల లోకములో అట్టి యేకనియమము ఏర్పడలేదు. యంత్రము సంఖ్యలను "బైటులు" అను చిన్న గడులలో దాచుకొనును. ఒక గడిలో 0 మొదలు 255 వఱకు మాత్రమే పట్టును. అంతకు మించిన సంఖ్యకు రెండు గడులు కావలయును. పెద్ద గడిలోని ఒకటి చిన్న గడిలోని 256కు సమానము. ఈ రెండింటిలో ఏది ముందుంచవలెను? 1964లో ఐ.బి.ఎం. సంస్థవారు వెలువరించిన సిస్టమ్ 360 పెద్దకొనను ముందుంచినది. 1978లో ఇంటెల్ వారు వెలువరించిన 8086 చిన్నకొనను ముందుంచినది. 1979లో వచ్చిన మోటరోలా 68000 మరల పెద్దకొననే ముందుంచినది. 1980 ఏప్రిల్ 1వ తేదీన డానీ కోహెన్ అను పండితుడు ఈ తగవును గూర్చి ఒక వ్యాసము వ్రాసి, ఇరుపక్షములకు పేర్లు పెట్టెను. ఆ పేర్లను 1726లో వెలువడిన స్విఫ్ట్ గారి గలివరు యాత్రల కథనుండి గైకొనెను. ఆ కథలో గ్రుడ్డును పెద్దకొనవైపు పగులగొట్టవలెనా, చిన్నకొనవైపు పగులగొట్టవలెనా యను వివాదముపై రాజ్యములు యుద్ధము చేయును. కోళ్ల పందెముతో మొదలైన వైరము కారంపూడి రణరంగము వఱకు పోయినదని తాతలనాటి నుండి వినుచున్న మనకు ఈ కథ వింతగా తోచదు.

ఇప్పుడు కారంపూడి యను పేరునే యంత్రములో వ్రాసి చూతము. లోకములోని లిపులన్నింటికి సంఖ్యలు కేటాయించిన "యూనికోడు" అను నిర్ణయము ప్రకారము మన తెలుగక్షరములకు 3072 మొదలు 3199 వఱకు గల సంఖ్యలు లభించినవి. ఇవన్నియు పెద్ద గడిలో 12 గలవి. ఆ 12వ వీథిలోనే మొదటి సగము తెలుగువారిది, రెండవ సగము కన్నడమువారిది. లిపులలో అక్కచెల్లెండ్రు ఇచటను ఇరుగుపొరుగున నున్నారు. కారంపూడి యను పేరునందు క, దీర్ఘము, ర, సున్న, ప, కొమ్ముదీర్ఘము, డ, గుడి అని యెనిమిది గుఱుతులు కలవు. ఒక్కొక్క గుఱుతునకు రెండు గడుల చొప్పున పదునాఱు గడులు పట్టును.

కకారము సంఖ్య 3093. అనగా పెద్ద గడిలో 12, చిన్న గడిలో 21. ఈ గడులను వరుస తప్పించి చదివినచో పెద్ద గడిలో 21, చిన్న గడిలో 12 అగును, సంఖ్య 5388. ఆ సంఖ్య కెనడా దేశములోని ఆదివాసుల లిపికి చెందిన అక్షరము. రకారము 3120, తాఱుమాఱైనచో 12300, అది జపాను వ్రాతలో మాటను కొటేషనులో నుంచుటకు వాడు మూలగుఱుతు. సున్న తాఱుమాఱైనచో శిరస్సుపై రెండు గీతలు గల రోమను "ఓ" యగును. పకారము గణితశాస్త్రమునందలి నాలుగుమడుగుల సమాకలన చిహ్నమగును. డకారము పాత జర్మను వ్రాతలోని "హెచ్" అగును. దీర్ఘము, కొమ్ముదీర్ఘము, గుడి, ఈ మూడును చీనా అక్షరములగును. చూచితిరా! ఒక్క గడియైనను పోలేదు, ఒక్క సంఖ్యయైనను చెడలేదు. వరుస యొక్కటే మాఱినది. మన యూరి పేరు కెనడా, జపాను, చీనా, జర్మనీలు చుట్టివచ్చినది.

ఇట్టి దోషము చిరకాలము దాగియుండుటకు కారణము కూడ మన కొలతల లెక్కలోనే కలదు. మూడు, రెండు, ఒకటి యనుటకు బదులు రెండు తూములు, ఒక కుంచము, రెండు మానికలని యుండినచో 2, 1, 2 అగును. దానిని ఏ కొననుండి చదివినను 38 మానికలే. అట్టి లెక్కలతోనే పరీక్షించినవాడు తన పద్ధతి నిర్దుష్టమని నమ్మును. వ్రాయు యంత్రము, చదువు యంత్రము ఒకే జాతివైనను అంతే. తప్పు వరుసలో వ్రాసి, తప్పు వరుసలోనే చదువుకొన్నచో ఫలితము సరిగానే తోచును. వ్రాసిన పత్రము ఎల్లదాటి వేఱొక జాతి యంత్రమును చేరిననాడే గుట్టు బయటపడును.

దీనికి పెద్దలు మూడు మందులు కనుగొనిరి. ఉత్తరము మొదట "శ్రీ" వ్రాసినట్లు పత్రము మొదట ఒక గుఱుతు నుంచుట మొదటిది. ఆ గుఱుతు సంఖ్య 65279. దానిని తలక్రిందుగా చదివినచో 65534 వచ్చును. ఆ సంఖ్యను ఎన్నటికి ఏ యక్షరమునకును ఈయరాదని యూనికోడువారు నిర్ణయించిరి. కావున మొదటి గుఱుతు చూడగానే యంత్రము తాను ఏ కొననుండి చదువవలెనో గ్రహించును. రెండవది, దూరయంత్రములు ఒకదానితో నొకటి మాటలాడునప్పుడు ఎవరి యింటి ఆచారమెట్లున్నను వీథిలో మాత్రము పెద్దకొన ముందుంచవలెనను నియమము. 1981లో వెలువడిన ఇంటర్నెట్టు నియమావళిలో ఈ పద్ధతియే కలదు. మూడవది 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను ఇరువురు రూపొందించిన "యు.టి.ఎఫ్.-8" అను వ్రాతపద్ధతి. ఇందు బైటుల వరుస వ్రాతలోనే స్థిరపడి యున్నది. యంత్రజాతితో పని లేదు. ఈ పద్ధతిలో కకారమునకు 224, 176, 149 అను మూడు గడులు, ఎల్లచోట్ల ఇదే వరుసలో నుండును. నేడు ఫోనులలోను, ఇంటర్నెట్టులోను తెలుగు ప్రయాణము చేయునది చాలవఱకు ఈ బండిలోనే.

వరుస చిక్కు తీఱినది గదా యని నిట్టూర్పు విడువరాదు. రెండవ వ్రాయని యొప్పంద మింకొకటి కలదు. అది జమ, ఖర్చుల వంటిది. 1970 దశకపు తొలిసంవత్సరములలో బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ రూపొందించిన "సి" యను భాషలో నేటికిని లెక్కకు మిక్కిలిగా లైబ్రరీలు వ్రాయబడుచున్నవి. ఒక గడిలోని సంఖ్యను 0 మొదలు 255 వఱకు గల జమగా చదువవలెనా, లేక సగము జమ, సగము ఖర్చుగా భావించి -128 మొదలు 127 వఱకు చదువవలెనా యను సంగతిని ఆ భాష కంపైలరు చేయువారికే విడిచినది. ఇంటెల్ జాతిపై ఖర్చును లెక్కించుట ఆచారము. లినక్సు నడచు ఆర్మ్ యంత్రములపై అంతయు జమగా చదువుట ఆచారము.

ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలన్నియు 127 లోపలనే యున్నవి. వానిని ఎట్లు చదివినను ఒక్కటే. తెలుగు గడులన్నియు 127కు పైబడినవి. కకారములోని 224, 176, 149 అనునవి ఖర్చుగా చదివినచో -32, -80, -107 అగును. ఇప్పుడు ఒక లైబ్రరీలో 256 అరలు గల బీరువా వంటి పట్టిక యున్నదనుకొనుడు. అక్షరము సంఖ్యను బట్టి ఆయా యర తెఱచి, అది అక్షరమా, అంకెయా, విరామచిహ్నమా యని చూచుట దాని పని. 224వ యర తెఱువుమనిన సరియే. -32వ యర తెఱువుమనిన ఆ యర యెచట నున్నది? బీరువాకు ఇవతల, ఇతరుల సామానులలో నున్నది. ప్రోగ్రాము అక్కడ చేయిపెట్టి దొరికినదానినే సమాధానమని చెప్పును, లేదా అక్కడికక్కడ కూలిపోవును. ఇంగ్లీషుతో పరీక్షించినవానికి ఈ దోషము జన్మలో కనబడదు. తెలుగు పేరుతో, ఖర్చును లెక్కించు యంత్రముపై నడపిననాడు మాత్రమే కనబడును. ఎవరి యక్షరములు పరీక్షలో లేవో వారి యక్షరములకే కీడు మూడును.

దీనికి ఎదురు కథయు కలదు. కొన్ని ప్రోగ్రాములు పత్రము ముగిసినదను సంగతిని -1 అను సంఖ్యతో తెలిసికొనును. అంతయు జమగా చదువు యంత్రముపై ఆ గడిలో -1 అనునది ఎన్నడును కనబడదు. పత్రము ముగిసినను ప్రోగ్రాము ముగియక, గానుగెద్దువలె తిరుగుచునే యుండును. ఖర్చును లెక్కించు యంత్రముపై అదే ప్రోగ్రాము ఆగును. కాని పత్రము నడుమ 255 అను గడి వచ్చినచో అదే ముగింపని భ్రమపడి, మిగిలిన భాగమును విడిచివేయును. ఒక వ్రాతకే రెండు నేలలపై రెండు రోగములు.

మూడవ యొప్పందమును ముక్తసరిగా చెప్పెదను. నాలుగు గడుల సంఖ్య నాలుగుచే భాగింపబడు స్థానముననే మొదలు కావలెనని కొన్ని ప్రాసెసరులు పట్టుపట్టును. ఇంటెల్ జాతి సాధారణముగా ఎచట మొదలైనను ఓర్చుకొని చదువును. స్పార్క్ అను జాతి ఓర్వక ప్రోగ్రామును నిలిపివేయును. ఇట్టి సందర్భములలో లోకము నిలిపివేసిన యంత్రమునే నిందించును. నా దృష్టిలో అది తొందరపాటు. ఓర్చుకొను యంత్రము దోషమును దాచినది. పట్టుపట్టిన యంత్రము దోషమును చూపినది. తప్పు కూడికను చూచియు చూడనట్లు పోనిచ్చు తనిఖీదారుకంటె, కలము పట్టి ఆపు తనిఖీదారే ఊరికి ఉపకారి.

మఱి దీనికి చికిత్స యేది? మొదటిది, ఒప్పందమును వ్రాతలో పెట్టుట. ఏ కొన ముందో, జమయో ఖర్చో, ఎన్ని గడులో, ప్రోగ్రాములోనే స్పష్టముగా వ్రాసినచో కంపైలరు ప్రతి జాతికిని తగినట్లు మార్చును. రెండవది, పలు నేలలపై దున్ని చూచుట. 1993లో మొదలైన డెబియన్ అను స్వచ్ఛంద సంఘమువారు తమ ప్రోగ్రాములను, లైబ్రరీలను పలు యంత్రజాతులకు కూర్చి చూతురు. 2023లో వెలువడిన వారి 12వ కూర్పు తొమ్మిది జాతులకు సిద్ధము చేయబడినది. అందు ఎనిమిది చిన్నకొన జాతులు. పెద్దకొన జాతి ఐ.బి.ఎం. మహాయంత్ర మొక్కటియే. వాడువారు కొలదిమందియే యైనను ఆ యొక్క యంత్రము ఉండుటచేత, ఎనిమిదింటిపై దాగిన దోషము తొమ్మిదవదానిపై బయటపడు అవకాశము కలదు. అన్ని జాతుల యంత్రములను కొనలేనివారికి "క్యూఎము" వంటి ప్రోగ్రాములు కలవు. భాగవతులలో ఒకే నటుడు ఒకనాడు కృష్ణుడు, ఒకనాడు కంసుడు అగునట్లు, ఇవి ఒక జాతి యంత్రముచేత మఱియొక జాతి వేషము వేయించి పరీక్షింపనిచ్చును.

మూడవ చికిత్స మన చేతిలోనిది. పరీక్షలలో తెలుగు ఉండవలెను. ఒత్తులు, దీర్ఘములు, సంయుక్తాక్షరములు గల మన పేర్లు, మన యూళ్ల పేర్లు ఉండవలెను. నేను ఏ లైబ్రరీని పరీక్షించినను కారంపూడి, నాగులేరు, జ్ఞానేశ్వరి వంటి పేర్లను రెండు జాతుల యంత్రములపై త్రిప్పి చూడనిదే విడువను. ఇది స్వగ్రామాభిమానము కాదు. దోషము దాగు మూలలు ఇట్టి పేర్లలోనే కలవు.

ఇక పెద్దలైన మీకు నా మనవి. మీ పేరుగాని, మీ పొలము లెక్కగాని ఒక యంత్రముపై తప్పుగా కనబడినచో, కంప్యూటరులో అట్లే యున్నదను మాటతో తృప్తిపడవలదు. వేఱొక యంత్రముపై, వీలైనచో ఫోనుపై నొకసారి, బల్లపైనున్న కంప్యూటరుపై నొకసారి, అదే పత్రమును తెఱపించి చూడుడు. రెండుచోట్లను తప్పేయైనచో, వ్రాసినప్పుడే తప్పు దొరలి యుండవచ్చును, దానిని దిద్దించుకొనుడు. ఒకచోట ఒప్పు, ఒకచోట తప్పు అయినచో, లోపల దాచిన వ్రాత సరిగానే యుండి, చదువు తీరు చెడియుండుటకు అవకాశము హెచ్చు. అప్పుడు త్వరపడి ఆ తప్పుగా కనబడు వ్రాతను దిద్దనీయవలదు. సరియైనదానిని చెఱిపి తప్పును స్థిరపఱచినట్లగును. ఏ యంత్రము, ఏ దినము, ఏ యక్షరము తప్పినదో కాగితముపై వ్రాసి, ఆ తెఱను ఫోటో తీయించి సంబంధించినవారికి ఈయుడు. దోషమును వెదకువానికి ఆ మూడు సంగతులు పెద్ద మూలధనము. కాగితపు దస్తావేజును మాత్రము భద్రముగా నుంచుకొనుడు. దానిని చదువుటకు ప్రాసెసరు అక్కఱలేదు.

మఱియొక మాట. యంత్రము చదువలేదని మీ మనుమల పేర్లలోని ఒత్తులను, దీర్ఘములను తీసివేయవలదు. 2018లో సవరింపబడినది లైబ్రరీయే గాని మన జ్ఞకారము కాదు. అక్షరమును యంత్రమునకు తగ్గించుట సులభమే. యంత్రమును అక్షరమునకు తగినట్లు దిద్దుట మావంటివారి విధి. దానిని మాచేత చేయించుకొను హక్కు మీకు కలదు.

ఒక యింట సరిపోయిన కుంచము ఊరంతటికి సరిపోవునని మన పెద్దలు ఎన్నడును నమ్మలేదు. పొరుగూరి కుంచముతో కొలిచి చూచుకొనిన పిమ్మటనే బేరము కుదుర్చుకొనిరి. 1956 నాటి తూనికలు కొలతల చట్టముతో దేశమంతటికి ఒకే కొలత యేర్పడినది. ప్రాసెసరులకు అట్టి చట్టము లేదు, రాగలదని తోచదు. కావున కొలిచి చూచుకొను ఆ పాత యలవాటే ఈ క్రొత్త యంత్రముల నడుమ మనకు రక్ష.